హనుమాన్ జంక్షన్‌లో దిగిపోయే తోడు

ముందుగా ఒక తప్పు ఒప్పుకుని బయలుదేరతాను. కృష్ణా డెల్టాను కళ్ళతో చూడకముందే, ఆ డెల్టాలో ఆడవాళ్ళు ఎలా తిరగాలో రూలు రాసిన మనిషిని నేను. అప్పటికి కైకలూరు ఏ దిక్కున ఉందో నాకు తెలియదు. చేపల చెరువు గట్టు ఎంత వెడల్పుంటుందో తెలియదు. హైదరాబాదులో, ఫ్యాను కింద, భోజనం చేసి వచ్చిన మత్తులో, అరగంటలో రాసేశాను.

మాది చేపల చెరువులకు మేతలూ మందులూ అమ్మే కంపెనీ. నేను హెడ్డాఫీసులో పర్సనల్ డిపార్ట్‌మెంటు. పేరుకు తగ్గట్టే అందరి పర్సనల్ విషయాల్లోనూ వేలు పెట్టడం నా ఉద్యోగం. ఆఫీసుకి మొదటి కంప్యూటరు వచ్చిన ఏడాదే, మొదటిసారిగా ఆడపిల్లల్ని సేల్స్ ఆఫీసర్లుగా తీసుకున్నారు. కంప్యూటరు మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పాం. ఆడపిల్లల మీద కూడా ఏదో ఒకటి కప్పాలనిపించింది నాకు. ‘పర్యటనకు వెళ్ళు మహిళా ఉద్యోగి వెంట ఒక పురుష ఉద్యోగి విధిగా తోడు ఉండవలెను’ అని సర్క్యులరు రాసి, టూరు ఫారంలో ‘తోడు’ అని ఒక గడి కూడా గీయించాను. జనరల్ మేనేజరు గారు భుజం తట్టారు. ఆ సాయంత్రం స్త్రీజాతికి మేలు చేసినవాడి హోదాలో ఇంటికి రెండు మూరల మల్లెపూలు ఎక్కువ పట్టుకెళ్ళాను.

పాలలో తోడు వేస్తే పెరుగవుతుంది. నేను వేసిన తోడుకి పాలు విరిగాయి. ఏ బ్రాంచిలోనూ ఆడపిల్ల వెంట పంపడానికి ఖాళీగా ఉన్న మగవాడు దొరకలేదు. తోడు లేనిదే టూరు లేదు. టూరు రోజులు లేనిదే ప్రమోషను లేదు. ఆ రెండో రూలూ నాదే. ఆరేళ్ళు తిరిగేసరికి ఆ అమ్మాయిల్లో కొందరు మానేశారు, మిగిలినవాళ్ళు ఉత్తరాలు టైపు చేసే బల్లల దగ్గర సర్దుకున్నారు. ‘ఆడవాళ్ళకి ఫీల్డు పడదండీ’ అని మేం మీటింగుల్లో విచారంగా తలలూపి, బిస్కెట్లు తినేవాళ్ళం.

ఒక్క విజయవాడ బ్రాంచి నుంచి మాత్రం ఝాన్సీ అనే ఆవిడ టూరు ఫారాలు కట్టలుగా వచ్చేవి. ప్రతి ఫారంలోనూ తోడు గడిలో ఒకటే పేరు: వెంకటేశ్వర్లు, అటెండరు. డెల్టా మొత్తానికి ఏరియా మేనేజరు పోస్టు ఖాళీ అయినప్పుడు ఆవిడ దరఖాస్తు పెట్టారు. దాని వెనకాలే ఆ బ్రాంచి మేనేజరు సుధాకర్ గారి ఉత్తరం వచ్చింది. ఈ తోడంతా బూటకమనీ, ఆవిడ ఒంటరిగానే తిరుగుతోందనీ, ఆడ ఆఫీసరు వస్తే సరుకు తీసుకోనని చల్లపల్లి డీలరు అన్నారనీ.

జనరల్ మేనేజరు గారు రెండు కాగితాలూ నా ముందు పడేశారు. “రూలు నీదే కదా రామ్మోహన్. నాలుగు రోజులు ఆవిడతో తిరిగి చూసిరా. తోడు అబద్ధమైతే, పోస్టు మాట అటుంచి ఉన్న ఉద్యోగం మాట ఆలోచిద్దాం.”

అలా, ఒక శ్రావణ మాసంలో, సెల్‌ఫోనులో వచ్చే కాల్స్‌కి డబ్బులు పోవడం మానేసిన కొత్తలో, నేను విజయవాడ రైలెక్కాను.

బెంజ్ సర్కిల్

మాది అనంతపురం వైపు. మా ఊళ్ళో రోడ్డు దాటడమంటే అటు పక్క ఎవరైనా తెలిసినవాళ్ళు కనపడితే దాటడం. బెంజ్ సర్కిల్లో ఆ పద్ధతి పనికిరాదు. మా బ్రాంచి ఆఫీసు అవతలి పక్క మేడ మీద కనపడుతూనే ఉంది. నేను ఇవతల పావుగంట నిలబడ్డాను. ఆటోలు, లారీలు, స్కూటరు మీద నలుగురు, లారీకీ ఆటోకీ మధ్య తాపీగా ఒక ఆవు. చివరికి గోంగూర కట్టల బుట్టతో ఒక పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, “ఊరికి కొత్తా బాబూ? నా కొంగు వెనకాలే వచ్చెయ్యండి, అటూ ఇటూ చూడకండి” అంది. వచ్చేశాను. కృష్ణా జిల్లాలో నాకు దొరికిన మొదటి తోడు ఆవిడే. అప్పుడే నాకు బుద్ధి రావలసింది.

ఆఫీసు కింద హోటల్లో ఇడ్లీ తిన్నాను. ప్లేటు ఎనిమిది రూపాయలు, పైన పోసిన నెయ్యి మాత్రం ఎనభై రూపాయల మర్యాదతో పోశారు. ఇక్కడి మర్యాద ఒక వింత. మా సీమలో కోపం వస్తే ముందు ‘అండీ’ ఎగిరిపోతుంది. ఇక్కడ తిట్టులో కూడా అండీ ఉంటుంది. సర్వరు మీద చట్నీ కోసం కేకలేస్తున్న ఒకాయన, “బుద్ధుందా అండీ మీకు” అన్నాడు. “ఉందండి, తెస్తున్నానండి” అన్నాడు సర్వరు.

సుధాకర్ గారు మెట్ల దాకా ఎదురొచ్చారు. పొడుగ్గా, పాలిష్ పట్టిన బియ్యంలాగా తెల్లగా, నున్నగా ఉన్నారు. గది తలుపు వేసి గొంతు తగ్గించారు.

“ఝాన్సీ గారు చాలా మంచావిడండి. నాకు చెల్లెల్లాంటిది. అందుకనే చెప్తున్నాను. ఆ చెరువుల దగ్గర బురద, ఆ జనం, అదంతా ఆడవాళ్ళ పనా అండీ? రేపేమైనా అయితే బాధ్యత ఎవరిది చెప్పండి.”

ఈ వాక్యం ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. కాసేపటికి గుర్తొచ్చింది, అది నాదే. సర్క్యులరు రాసిన రోజు నేనూ ‘చెల్లెళ్ళలాంటి వాళ్ళు’ అన్నాను. ఆఫీసులో ఎవరైనా ఎవరినైనా చెల్లెలనడం మొదలుపెడితే, ఆ మాట పూర్తయ్యేలోగా చెల్లెలికి ఏదో ఒకటి పోతుందని నాకిప్పుడు తెలుసు.

ఝాన్సీ గారికి ముప్ఫై రెండు, ముప్ఫై మూడేళ్ళుంటాయి. ఉయ్యూరు దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల, భర్త స్కూలు టీచరు. భుజాన ఒక పెద్ద సంచి, చేతిలో మగవాళ్ళ గొడుగు. నన్ను చూసి నమస్కారం పెట్టి, “నాలుగు రోజులూ మీరేనటగా అండీ నాకు తోడు” అన్నారు. ఆ గొంతులో వెటకారం ఉందో లేదో తేల్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఉంది.

హనుమాన్ జంక్షన్

బస్సులో నా ముందు సీట్లో, కిటికీ పక్కన, తోడు గడిలో వెయ్యిసార్లు చదివిన వెంకటేశ్వర్లు స్వయంగా కూర్చున్నాడు. ఏడాదిలో రిటైరయ్యే మనిషి. సన్నగా, తెల్లటి ముతక చొక్కాలో, ముక్కు దగ్గర నిమ్మకాయ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

“బాబాయికి బస్సు పడదండి” అన్నారు ఝాన్సీ గారు. “గన్నవరం దాకా నిమ్మకాయ ఆపుతుంది. ఆ తర్వాత నేను ఆపించాలి.”

గన్నవరం దాటాక ఆవిడ లేచి డ్రైవరుకి చెప్పి బస్సాపించారు. వెంకటేశ్వర్లు దిగి, కాలవ గట్టున పని ముగించుకుని, ఆవిడ పోసిన నీళ్ళతో మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. బస్సులో ఎవరూ విసుక్కోలేదు. ఈ దారిలో అందరికీ అలవాటే కాబోలు, వెనక నుంచి ఎవరో “ఇవాళ తొందరగానే అయిందే” అన్నారు.

హనుమాన్ జంక్షన్లో వెంకటేశ్వర్లు సంచి తీసుకుని దిగిపోయాడు. గుడివాడ బస్సుకి ఇంకా టైముంది. ముగ్గురం టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. రోడ్డు మీద లారీలు ఒకదాని వెనక ఒకటి, వాటి చుట్టూ జామకాయలవాళ్ళు, మొక్కజొన్న కంకులవాళ్ళు. టీ రెండున్నర.

“నువ్వు మాతో రావా?” అన్నాను వెంకటేశ్వర్లుతో.

“మీరున్నారు కదండి. రూలుకి మగాడు ఒక్కడుంటే చాలండి” అన్నాడు.

“నేను లేనప్పుడో?”

అతను ఝాన్సీ గారి వైపు చూశాడు. ఆవిడ టీలోకి చూస్తున్నారు. “చెప్పు బాబాయ్. ఆయన చూడ్డానికే వచ్చారు.”

“లేనప్పుడు కూడా ఇక్కడే దిగిపోతానండి. మా రెండో అమ్మాయిని ఈ ఊరే ఇచ్చాం. అమ్మాయి గారు టూరు నుంచి తిరిగొచ్చేదాకా ఆళ్ళింట్లో ఉంటాను, వచ్చాక బస్సెక్కుతాను. మొదట్లో నాలుగుసార్లు కైకలూరు దాకా ఎళ్ళానండి. నా ఎనకాల బకెట్టు పట్టుకు తిరగడానికే అమ్మాయి గారికి సరిపోయింది. చెరువెక్కడ చూస్తారు?” టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. “ఎవడో మహానుభావుడు హైదరాబాదులో కూచుని రాశాడండి ఆ కాగితం. ఆడి చేతులు పడిపోను. అయితే ఒకటండి, ఆడి పుణ్యమా అని మనవరాల్ని నెలకి నాలుగుసార్లు చూసుకుంటన్నాను. ఆడు చల్లగా ఉండాలి.”

ఒకే గుక్కలో శాపం, దీవెన రెండూ అందుకుని, నేను నా చేతులు బల్ల కిందికి దాచుకున్నాను. ఆరేళ్ళలో నా రూలు వల్ల లాభపడిన ఏకైక వ్యక్తి కళ్ళముందు కూర్చుని బిస్కెట్టు ముంచుకుని తింటున్నాడు. వచ్చిన పని మాత్రం మొదటి రోజే అయిపోయింది. తోడు అబద్ధమే. సుధాకర్ గారు రాసినదాంట్లో సగం నిజం. ఆ సగం చాలు ఆవిడ పోస్టూ, ఉద్యోగమూ పోవడానికి.

కైకలూరు

గుడివాడ దాటాక భూమి అయిపోయింది. నీళ్ళు మొదలయ్యాయి. మా ఊళ్ళో ఆరువందల అడుగులు బోరు వేస్తే దుమ్ము వస్తుంది, ఇంకో వంద వేస్తే వేడి దుమ్ము వస్తుంది. ఇక్కడ వరి పొలాలు తవ్వేసి నీళ్ళనే పంట వేసుకున్నారు. కనుచూపు మేర చెరువులు, మధ్యన గట్లు. చెరువుల్లో వరసగా వెదురు కర్రలు పాతి, వాటికి సంచులు కట్టి ఉన్నాయి. తవుడూ వేరుశనగ చెక్కా కలిపి సంచిలో నింపి, అడుగున చిల్లులు పెట్టి, నీళ్ళలోకి వేలాడగడతారు. చేపలు వచ్చి కింది నుంచి పొడుచుకు తింటాయి. ఇంటి బయట బట్టలారేసినట్టు ఊరూరా మేత ఆరేసుకున్నారు.

రాత్రి భోజనం మెస్సులో, చేపల పులుసుతో. పాతిక రూపాయలు, అన్నానికి హద్దు లేదు. మా వైపు రాగి ముద్దలో ముళ్ళుండవు కాబట్టి, నేను ముద్ద నమలకుండా మింగే అలవాటు మీద పెరిగాను. మూడో ముద్దకి శీలావతి చేప ముల్లు గొంతులో అడ్డం పడింది. నోరు తెరిచి ఉన్న నన్ను చూసి ఝాన్సీ గారు కంగారు పడలేదు. “ఉత్తన్నం గట్టిగా ముద్ద చేసి మింగండి. ఊఁ. ఇంకోటి. ఇప్పుడు మంచినీళ్ళు” అన్నారు. ముల్లు దిగింది. ఆవిడ ఆ ఊళ్ళో తెలిసిన టీచరమ్మ ఇంటికి పడుకోవడానికి వెళ్తూ, “రేపు తెల్లారగట్ల మొదటి బస్సుకండి. గొడుగు తెచ్చుకోండి, చెప్పులు మాత్రం కొత్తవి వేసుకోకండి” అన్నారు. నాకున్నవి అవొక్కటే జత.

మొదటి బస్సు

తెల్లారుతుండగా వచ్చిన మొదటి బస్సు నిండా చేపల బుట్టలు. వాటి మధ్య చేపలమ్మే ఆడవాళ్ళు, ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుకుంటూ. పెద్ద చేపలు మంచు పెట్టెల్లో లారీలెక్కి కలకత్తా పోతాయి. దెబ్బ తగిలినవీ, చిన్నవీ ఈ బుట్టల్లో గుడివాడ బజారుకి పోతాయి. నన్ను చూసి వాళ్ళు కాసేపు మాట ఆపారు. అందులో పెద్దది, నాంచారమ్మట, ముక్కుకి రెండు వైపులా పుడకలు, ఝాన్సీ గారిని అడిగింది:

“ఎవరమ్మా ఈయన, ముక్కు మూసుకున్నాడు?”

“నాకు తోడొచ్చారు పిన్నీ.”

బస్సంతా నవ్వింది. “మరి ఈయనకి తోడెవరు?” అంది నాంచారమ్మ. దానికి జవాబు రెండు మైళ్ళలోనే తేలింది. బస్సు గతుకులూ, బుట్టల వాసనా, రాత్రి మింగిన అన్నం ముద్దలూ కలిసి నన్ను కిటికీ వైపు నెట్టాయి. నా చేతిలోకి ఒక నిమ్మకాయ వచ్చి పడింది. వెంకటేశ్వర్లు కోసమని ఆవిడ ఎప్పుడూ సంచిలో ఉంచుకునే నిమ్మకాయ.

నేను దాన్ని వాసన చూస్తూ కూర్చున్నప్పుడు ఝాన్సీ గారి అసలు ఉద్యోగం మొదలైంది. ఆవిడ ఏమీ అడగలేదు. బుట్టలోంచి ఒక చేప తీసి అటూ ఇటూ తిప్పారు, అంతే.

“అది సుబ్బారావు గారి చెరువుదమ్మా” అంది నాంచారమ్మ. “నిన్న నాలుగు చేపలకని వల ఏశారు. చూడు, పొలుసు కింద ఎర్రగా లేదూ? పేను పట్టింది. చేప కర్రలకేసి రుద్దుకుంటందంట. ఆయనకి ఇంకా తెలీదు. మొన్న కాలవ పక్క చెరువు చేప మాత్రం బాగుంది, మట్టి వాసన కూడా లేదు.”

మేం దిగేలోగా పదూళ్ళ చెరువుల ఆరోగ్యం ఆ బస్సులో మాట్లాడేసుకున్నారు. మా మగ ఆఫీసర్లు జీపుల్లో పదింటికి వెళ్తారు. అప్పటికి చెరువు అద్దంలా ఉంటుంది, రైతు ‘అంతా బానే ఉందండి’ అంటాడు, వీళ్ళు టీ తాగి వస్తారు. ‘కైకలూరు వైపు చేపలకి జబ్బుల్లేవు’ అని రిపోర్టులు నేనే ఫైలు చేశాను. చేపకి ఏం జరిగిందో దాన్ని చేత్తో పట్టుకుని అమ్మే మనిషికి తెలుస్తుంది. ఆ మనిషి మొదటి బస్సులో ఉంటుంది. ఆ బస్సులో కూర్చోవడానికి మా కంపెనీలో ఒక్కరికే తోచింది.

“బాబాయిని తీసుకొస్తే ఈ బస్సు అందదండి” అన్నారు ఝాన్సీ గారు. “ఆయన కడుపు ఎనిమిదింటికి గాని ప్రయాణానికి ఒప్పుకోదు. పైగా పక్కన మగమనిషి ఉంటే పిన్ని వాళ్ళు ఇలా మాట్లాడరు. ఇవాళ మీరు వాంతి చేసుకున్నారు కాబట్టి మిమ్మల్ని లెక్కలో వేసుకోలేదు.”

సుబ్బారావు గారి చెరువు

దారిలో దిగి, ఆ సుబ్బారావు గారి చెరువుకి నడిచాం. ఆయన గట్టు మీద పుల్లతో పళ్ళు తోముకుంటున్నారు. ఝాన్సీ గారు, “పేనుకి మందు వెయ్యకుండా ఇంకెన్నాళ్ళండీ?” అన్నారు.

ఆయన పుల్ల నోట్లోనే ఆగిపోయింది. “పేనేంటండీ? నా చెరువుకేం, నిక్షేపంలాగుంది.”

ఆవిడ గొడుగు చివరతో చూపించారు. తెల్లారే మబ్బు వెలుతురులో, మేత సంచి కట్టిన కర్ర చుట్టూ చేపలు ఒళ్ళు రాసుకుంటున్నాయి, దురద పుట్టిన గేదె గోడకి రాసుకున్నట్టు. సుబ్బారావు గారు మోకాళ్ళ మీద కూర్చుని చూశారు.

“ఇంకో నాలుగు రోజులైతే మేత మానేసి ఉండేయండి ఇవి” అన్నారు లేస్తూ. “మీకెవరు చెప్పారండీ?”

“చేపే చెప్పిందండి” అన్నారావిడ.

ఈ సంభాషణ దగ్గరగా వినాలని నేను ఒక అడుగు ముందుకేశాను. నల్లమట్టి గట్టు రాత్రి వానకి నానింది. నా కొత్త చెప్పులు ఆ సంగతి నాకంటే ముందు గ్రహించాయి. నడుం లోతు నీళ్ళలో నిలబడి, తవుడు సంచి కట్టిన కర్రని కావలించుకుని, నేను కూడా కాసేపు దానికి ఒళ్ళు రాసుకున్నాను. ఒకవైపు సుబ్బారావు గారూ, ఇంకోవైపు ఝాన్సీ గారి గొడుగు వంపూ నన్ను గట్టున పడేశాయి. ఒక చెప్పు చేపలకి మిగిలిపోయింది.

“మీ పెద్దాఫీసరు గారాండీ?” అన్నారు సుబ్బారావు గారు జాలిగా. మధ్యాహ్నం వాళ్ళింట్లో, ఆయన లుంగీలో, నాకు పెట్టిన గోంగూర మాంసం గురించి రాస్తే వేరే పుస్తకమవుతుంది. ‘కొంచెం చాలండి’ అన్నాను. ఈ వైపు కొంచెం అంటే మా వైపు పెళ్ళిభోజనం. మందుకి ఆర్డరు ఆయన భోజనాల ముందే రాసిచ్చారు. పక్క చెరువులవాళ్ళు ముగ్గురు ఆర్డర్లు ఇవ్వడంతో పాటు నన్ను కూడా చూసి వెళ్ళడానికి వచ్చారు.

బందరు

మూడో రోజు బందరులో డీలర్ల పని. నాకు గుర్తున్నవి మాత్రం రెండు. ఒకటి, బందరు లడ్డు. నమలక్కర్లేదు, ముళ్ళు లేవు, నాకోసమే కనిపెట్టినట్టుంది. కిలో కొన్నాను. రెండు, చెప్పుల కొట్టు. కొట్టాయన నా ఒంటి చెప్పు చూసి, “రెండోదేదండీ?” అన్నాడు. “చెరువులో” అన్నాను. “అయితే మీరు మేతల కంపెనీ అన్నమాట” అన్నాడు.

ఆ రోజంతా ప్రతి దుకాణంలోనూ కుర్చీ ముందు నాకే వేశారు. నేను హెడ్డాఫీసు కాబట్టి కాదు, మీసం ఉంది కాబట్టి. ఆవిడ నిలబడి పని మాట్లాడేవారు, నేను కూర్చుని సోడా తాగేవాణ్ణి. నాలుగో దుకాణంలో సిగ్గేసి లేచి నిలబడితే, యజమాని కంగారుగా నాకు ఇంకా మంచి కుర్చీ తెప్పించాడు.

చల్లపల్లి

మిగిలింది చల్లపల్లి డీలరు. ఆ దుకాణం మేనేజరు గారే చూసుకుంటారట, ఝాన్సీ గారు ఎప్పుడూ అడుగు పెట్టలేదట. ఆడ ఆఫీసరు వస్తే సరుకు తీసుకోనన్న మనిషి. కోట గోడ దాటి బజారులోకి వెళ్ళేటప్పుడు ఝాన్సీ గారు మడిచిన గొడుగుని రెండు చేతులా పట్టుకుని నడిచారు. అప్పుడు నాకు అర్థమైంది, నాలుగు రోజుల్లో ఆవిడ భయపడిన చోటు ఇదొక్కటేనని.

దుకాణంలో బల్ల వెనక రత్నకుమారి గారనే యాభై ఏళ్ళావిడ కూర్చుని ఉన్నారు. బోర్డు మీద భర్త పేరు. నేను నా పరిచయం చెప్పుకుని, అలవాటు కొద్దీ, “సారు లేరా అండీ?” అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “మీరూ అదే కంపెనీ అన్నమాట.”

“అంటే?”

“మీ మేనేజరు గారు ఎప్పుడొచ్చినా ఇదే ముక్కండి. ‘సారు లేరా?’ లేరంటాను. వెళ్ళిపోతారు. మా ఆయన ఆర్టీసీలో కండక్టరండి. ఈ దుకాణం పెట్టిన రోజు కొబ్బరికాయ కొట్టి వెళ్ళాడు, మళ్ళీ లోపలికి రాలేదు. పదేళ్ళుగా సరుకు తెప్పించేది నేను, అమ్మేది నేను. ఆయన బస్సులో టిక్కెట్టు కొనుక్కుంటే మీ మేనేజరు గారికి ఆయన దొరుకుతాడు.”

“మరి ఆడ ఆఫీసరు వస్తే సరుకు తీసుకోనన్నారని...”

“నేనా?” ఆవిడ నవ్వలేదు. “ఆ మేనేజరు గారు వస్తే తీసుకోనన్నాను. బందరు డీలర్లు మెచ్చుకునే ఆ ఝాన్సీ గారిని పంపితే తీసుకుంటానన్నాను. ఆయన మొహానే అన్నానండి. ఎటు విన్నారో, ఎటు రాశారో.”

ఝాన్సీ గారు గొడుగుని అవసరం లేకపోయినా ఒకసారి తెరిచి మూశారు. నేను రత్నకుమారి గారిని ఆ మాటే కాగితం మీద రాసివ్వమన్నాను. రాసిచ్చి, కింద సంతకం పెట్టి, దాని కింద పెద్ద అక్షరాలతో ‘డీలరు’ అని కూడా రాశారు.

తిరుగు బస్సు

ఉయ్యూరు దాటాం. ఎడ్ల బళ్ళ వెనక బస్సు నత్తలా పోతోంది.

“ఏం రాస్తారండీ?” అన్నారు ఝాన్సీ గారు.

“వెంకటేశ్వర్లు కైకలూరు దాకా వచ్చాడని రాస్తే సరిపోతుంది” అన్నాను. నాలుగు రోజులుగా కూడబెట్టుకున్న ఔదార్యం అది.

“వద్దండి. ఆ గడిలో అబద్ధం నేనొక్కదాన్నే రాశాను. టూరుకి వెళ్ళకపోతే చెరువు తెలీదు, చెరువు తెలీకపోతే పని రాదు, అందుకని రాశాను. మీరు అందులో కలవకండి. ఉన్నదే రాయండి.”

“ఉన్నది రాస్తే పోస్టు పోవచ్చు.”

“తెలుసండి.” కిటికీ బయటికి చూసి, మళ్ళీ నా వైపు తిరిగారు. “మీ సంతకం నాకు ఆరేళ్ళుగా తెలుసు. సర్క్యులరు నా బల్ల అద్దం కింద పెట్టుకున్నాను. ‘రా’ కింద తేలు కొండిలాగా ఒక మెలిక ఉంటుంది. మొన్న ఆఫీసు రిజిస్టరులో మీరు సంతకం చేస్తుంటే చూశాను.”

“మరి హనుమాన్ జంక్షన్లో వెంకటేశ్వర్లు తిడుతుంటే ఆపలేదే?”

“ఆపుదామనే అనుకున్నానండి. టీ వేడిగా ఉంది.”

హైదరాబాదు

రిపోర్టు మూడు పేజీలు. ఉన్నదంతా రాశాను. తోడు ప్రతిసారీ హనుమాన్ జంక్షన్లో దిగిపోయిన మాట నిజమని, దిగిపోవడం వల్లే చెరువులకి మేలు జరిగిందని, మొదటి బస్సు సంగతి, సుబ్బారావు గారి చెరువు, చల్లపల్లి కాగితం, చివరికి రూలు రాసినవాడు తెలివితక్కువవాడని, అతని పేరు. నా టూరు ఫారంలో తోడు గడి ఖాళీగా ఉంటే, అందులో ‘ఝాన్సీ గారు. వీరు లేనిచో ఈ ఉద్యోగి రెండుసార్లు దక్కేవాడు కాదు’ అని నింపాను.

జనరల్ మేనేజరు గారు చెప్పు పోయిన చోట నవ్వారు, మొదటి బస్సు దగ్గర నవ్వు ఆపి రెండోసారి చదివారు. వారంలో ఆర్డరు వచ్చింది. ఝాన్సీ గారు డెల్టాకి ఏరియా మేనేజరు. ఇక మిగిలిన అమ్మాయిల కోసం సర్క్యులరు రద్దు చేద్దామంటే మాత్రం ఆయన, “ఇన్నేళ్ళు ఇబ్బంది లేకుండా నడిచింది కదయ్యా, దాన్నెందుకు కదపడం” అన్నారు. సుధాకర్ గారు కూడా విజయవాడ నుంచి రాశారు, చెల్లెళ్ళలాంటి వాళ్ళ క్షేమం దృష్ట్యా ఆ రూలు ఉండడమే మంచిదని.

సరే, ఉండనిద్దాం అన్నాను. పాత పడింది కాబట్టి చిన్న సవరణతో మళ్ళీ టైపు చేయిస్తానన్నాను. ‘మహిళా’, ‘పురుష’ అనే రెండు మాటలు తీసేశాను. పర్యటనకు వెళ్ళు ఉద్యోగి వెంట ఒక ఉద్యోగి విధిగా తోడు ఉండవలెను. స్టేషనరీ కాగితాల మధ్య పెట్టాను. జనరల్ మేనేజరు గారి సంతకం అయిపోయింది.

మొదటి ఫోను సుధాకర్ గారిదే. “నాకు తోడేంటండీ రామ్మోహన్ గారూ? నేనేమన్నా చిన్నపిల్లాడినా?”

“మీరు నాకు తమ్ముడిలాంటివారండి” అన్నాను. “ఆ బురద, ఆ జనం. రేపేమైనా అయితే బాధ్యత ఎవరిది చెప్పండి.”

ఆ రూలు సరిగ్గా పద్దెనిమిది రోజులు బతికింది. రాష్ట్రంలో ఉన్న మా మగ ఆఫీసర్లంతా కలిసి, మనిషికి మనిషి తోడు అవసరమా అని ఒక్క గొంతుతో మొర పెట్టుకుంటే, తోడు గడితో సహా సర్క్యులరు మొత్తం రద్దయింది. ఈలోగా సుధాకర్ గారికి తప్పనిసరి టూరు ఒకటి పడింది, కైకలూరుకి. బ్రాంచిలో ఖాళీగా ఉన్న ఉద్యోగి ఒక్కడే.

ఆ రోజు పొద్దున్న ఝాన్సీ గారు ఫోను చేశారు. ఇద్దరూ బస్సెక్కారట. కిటికీ సీటు మేనేజరు గారు తీసుకున్నారట. వెంకటేశ్వర్లుని ఈసారి హనుమాన్ జంక్షన్లో దిగనివ్వకుండా కైకలూరు దాకా తీసుకెళ్ళి రూలు పాటిస్తామని ఆయన పట్టుదలగా ఉన్నారట.

“నిమ్మకాయ ఇచ్చి పంపారా?” అన్నాను.

“అయ్యో, మర్చిపోయానండి” అన్నారావిడ, ఏ మాత్రం మర్చిపోయిన గొంతు కాకుండా.